అనుబంధం-1లో లేని మనుషులు

కుంచాలపేట కాలువగట్టును సుందరీకరించాలని నగరపాలక సంస్థ తీర్మానించిన రోజున నాంచారమ్మ ఎప్పటిలాగే కానుగ చెట్టు కింద ఒక ప్లీడరుగారి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తీర్మానం మూడు పేజీలు. మొదటి రెండు పేజీల్లో నగర చరిత్ర, జలవనరుల ప్రాశస్త్యం, ఆధునిక పౌరుడి ఆహ్లాద హక్కు ఉన్నాయి. అసలు సంగతి మూడో పేజీ చివరి వాక్యంలో ఉంది: “సదరు గట్టును అనుబంధం-1లోని చిత్రపటంలో చూపిన విధంగా, అందులో చూపినవన్నియు కలుపుకొని, చూపనివన్నియు మినహాయించి, అభివృద్ధి చేయవలెను.”

ఈ వాక్యాన్ని గుమాస్తా ఏదో పాత గోడౌను ఫైలులోంచి ఎత్తి రాశాడని తర్వాత తెలిసింది. చేతులెత్తి ఆమోదించిన సభ్యుల్లో మూడో పేజీ దాకా వెళ్లినవాళ్లు లేరు. టీ వచ్చింది.

నాంచారమ్మకి యాభై మూడేళ్లు. మొగుడు పోయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, నాలుగు చక్రాల బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి బతుకుతోంది. చెట్టు ప్రభుత్వానిదైనా నీడ తనదే అనుకునేది. పొద్దున రోడ్డు వైపు, పొద్దు వాలాక కాలువ వైపు, నీడతోపాటు బండిని జరుపుకుంటూ పోయేది. ఆమె పక్కన సామ్రాజ్యం ఇడ్లీ బండి. ఆ పక్కన మస్తాన్ సైకిల్ షాపు. గట్టు దిగే మలుపులో తిరపతమ్మ జామకాయల గంప. మధ్యాహ్నం నలుగురూ ఒకచోట కూర్చుని అన్నం తినేవాళ్లు. నాంచారమ్మా సామ్రాజ్యమూ ఏడాదికి రెండు మూడు సార్లు మాటలు మానేసేవాళ్లు. అప్పుడు కూడా పచ్చడి మాత్రం తిరపతమ్మ చేతి మీదుగా ఇటూ అటూ నడిచేది.

అవతలి గట్టు మీద పద్నాలుగు అంతస్తుల ‘జలవిహంగ్ హైట్స్’ లేచేదాకా కాలువ కాలువగానే ఉంది. తర్వాత అది వాటర్‌ఫ్రంట్ అయింది. పేట పేరులోంచి ‘పేట’ రాలిపోయి, ముందు ఒక ‘ది’ వచ్చి, ‘ది కుంచాల వాటర్‌ఫ్రంట్’ అని బోర్డు పెట్టారు. ఆ ‘ది’ వచ్చిన నెలలోనే వెనక సందుల్లో ఇంటద్దెలు పెరిగాయి. నాంచారమ్మ అద్దెకుండే గదికి ఒకటే కిటికీ, అది పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. అయినా ఇంటి ఓనరు వచ్చి ఇక మీదట దీన్ని వాటర్‌ఫ్రంట్ గది కింద లెక్క వేస్తానని చెప్పి వెళ్లాడు.

అనుబంధం-1ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి వంతెన దగ్గర కట్టారు. ఎక్కడో పెద్ద నగరంలో ఉండే కన్సల్టెంటు ఒకాయన ఈ గట్టును ఒకసారి ఫొటో తీసుకుపోయి, దాని మీద కంప్యూటర్లో తయారుచేసిన చిత్రం అది. అందులో కాలువ నీళ్లు నీలంగా ఉన్నాయి. రాళ్ల బాట, పచ్చిక, బెంచీలు, ఎనిమిదిన్నర చూపిస్తున్న గడియారపు స్తంభం ఉన్నాయి. మనుషులు పదిహేడుగురు ఉన్నారు. చెవుల్లో తీగలు పెట్టుకుని పరిగెత్తే ఆడమనిషి, పేపరు చదివే పెద్దాయన, బెంచీ మీద పుస్తకం చదువుకునే స్త్రీ, కుక్కను తిప్పే కుర్రాడు, అలా. అందరూ ఎర్రగా, బారుగా, తీరిగ్గా ఉన్నారు. పేటవాళ్లంతా వచ్చి తమవాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతికారు. చివరికి మస్తాన్, తన షాపు ఉండాల్సిన చోట గులాబీ మొక్క ఉందని కనిపెట్టాడు. నాంచారమ్మ బండి ఉండాల్సిన చోట బెంచీ ఉంది. చెట్టు అసలే లేదు.

వారం తిరక్కుండా నోటీసులొచ్చాయి. నాంచారమ్మ తన నోటీసు పట్టుకుని టౌన్ ప్లానింగ్ ఆఫీసరు శేషావతారం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెకు కొత్తవాడు కాదు. ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన నాటి నుంచి ఆయన చొక్కాలు ఆమే ఇస్త్రీ చేస్తోంది. చెయ్యి తడిపేవాడు కాదు, తడపనిచ్చేవాడూ కాదు. కాగితం మీద ఏది ఉంటే అది ఉన్నట్టు, లేనిది లేనట్టు. అంతకుమించి లోకజ్ఞానం ఆయనకి అక్కర్లేకపోయింది. ఆయన ఆమెను కూర్చోమని, ఫైలు తెరిచి, చిత్రపటం మీద అడుగుబద్ద పెట్టి, ఎంతో మర్యాదగా వివరించాడు.

“అమ్మా నాంచారమ్మా, వ్యక్తిగతంగా నిన్ను నేను ఎరుగుదును. కానీ అనుబంధం దృష్ట్యా నీవు దృగ్గోచరం కావడం లేదు. దృగ్గోచరం కానిదానిని గట్టు మీద కొనసాగించుటకు నిబంధనలు అంగీకరించవు.”

“ఎదురుగా కూర్చున్నాను గదండీ బాబుగారూ,” అంది నాంచారమ్మ.

అది మౌఖికమని, కార్యాలయం మౌఖికాన్ని పరిగణనలోకి తీసుకోదని ఆయన చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన చొక్కా కాలరు సర్దుకుంటూనే ఉన్నాడు. అది ఆమె నిన్న ఇస్త్రీ చేసి ఇచ్చినదే.

మరుసటి సోమవారం గట్టు ఖాళీ అయింది. ఇడ్లీ బండి, సైకిల్ షాపు, గంప, రెండు గేదెలు, ఒక రిక్షా, రోజూ ఆ రిక్షాలో పడుకునే ముసలాయన, అన్నీ చూపనివాటి కింద మినహాయింపబడ్డాయి. వెనక సందుల్లో అద్దెలు కట్టలేనివాళ్లకి ఊరి బయట పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో కొండ కింద కాలనీ ఇచ్చారు. సామ్రాజ్యం, మస్తాన్, తిరపతమ్మ అక్కడికే వెళ్లారు. అక్కడ ఇడ్లీ తినేవాళ్లూ సైకిలు తొక్కేవాళ్లూ లేరు. రాళ్లు మాత్రం బాగా ఉన్నాయని తిరపతమ్మ చెప్పి పంపింది. నాంచారమ్మ గదిలోనే ఇస్త్రీ చేయబోతే పొగ వస్తోందని ఓనరు గొడవ పెట్టుకున్నాడు. దసరా దాటితే గది ఖాళీ చేయాలన్నాడు. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తినాలంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ నెలల్లో గట్టు మీద పని జోరుగా సాగింది. రాళ్లు పరిచారు, గడియారపు స్తంభం పెట్టారు. నీళ్లు నీలంగా లేవని తెలిశాక, కాలువ గోడలకి నీలం రంగు వేశారు. చెట్టును కొట్టడానికి వచ్చిన కూలీలు మాత్రం ఎండ దెబ్బకి ఆ చెట్టు నీడలోనే సేద తీరుతూ, పనిని రేపటికి రేపటికి జరుపుతూ వచ్చారు.

పని పూర్తయ్యాక రాజధాని నుంచి నాణ్యతా తనిఖీ అధికారి వచ్చాడు. చిత్రపటం చేత్తో పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. బెంచీలు ఆరు, ఉన్నవి. దీపస్తంభములు పద్నాలుగు, ఉన్నవి. గులాబీ మొక్క ఒకటి, ఉన్నది. తర్వాత ఒకచోట ఆగి చాలాసేపు అటూ ఇటూ చూశాడు. “మానవాకృతులు పదిహేడు చూపబడినవి. క్షేత్రంలో శూన్యం,” అని రాశాడు. లోపం సరిదిద్దనిదే బిల్లు ముందుకు కదలదని కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టాడు.

కాంట్రాక్టరు బుల్లిరాజు రాళ్లూ ఇసుకా సరఫరా చేసినవాడే గాని మనుషుల్ని సరఫరా చేసినవాడు కాదు. ముందు అవతలి గట్టుకి వెళ్లి జలవిహంగ్ హైట్స్ ప్రెసిడెంటు విద్యాసాగర్ గారిని అడిగాడు. పార్కు కావాలని అర్జీల మీద అర్జీలు పెట్టింది వాళ్లే కాబట్టి, రోజూ ఒక పదిహేడుగురిని పంపమన్నాడు. ఆయన సమావేశం పెట్టి చర్చించి, తమ బ్రోచర్లో రాసింది వాటర్‌ఫ్రంట్ వీక్షణమే తప్ప వాటర్‌ఫ్రంట్ సంచారం కాదని, కిందికి దిగితే వీక్షణం దెబ్బతింటుందని, ఎండ కూడా ఎక్కువగా ఉందని లిఖితపూర్వకంగా జవాబిచ్చాడు.

చివరికి బుల్లిరాజు కొండ కింద కాలనీకి బస్సు పంపించాడు. అలా తీసేసినవాళ్లే రోజుకూలీ మీద మళ్లీ గట్టు మీదికి వచ్చారు. పేపరు చదివే పెద్దాయనగా మస్తాన్‌ని కూర్చోబెట్టారు. పరుగెత్తే ఆడమనిషిగా సామ్రాజ్యాన్ని వేశారు. జీవితంలో కుళాయి దగ్గరికి తప్ప ఎక్కడికీ పరిగెత్తని మనిషి, చెవుల్లో తీగలు పెట్టుకుని రాళ్ల బాట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి రొప్పుతూ పోయేది. ఆగినప్పుడల్లా బుల్లిరాజుని, చిత్రంలో ఉన్న ఆ పిల్లని, ఆ పిల్లని కన్నవాళ్లని కలిపి తిట్టేది. పదిహేడుగురూ భర్తీ అయిపోవడంతో తిరపతమ్మకి చోటు దొరకలేదు. బెంచీ మీద పుస్తకం చదువుకునే స్త్రీగా నాంచారమ్మని పిలిచారు. ఆమె బండి ఉండే చోటే బెంచీ. చేతికి ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. ఆమెకి చదువు రాదు. మడత నలిగిన పేజీల్ని అరచేత్తో సాపు చేస్తూ కూర్చునేది.

తనిఖీ అధికారి రెండోసారి వచ్చాడు. ఆకృతులు పదిహేడూ సరిపోయాయి. కానీ ఆయన నేలకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. చిత్రంలో అందరి నీడలూ కాలువ వైపు పడ్డాయి. గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. కన్సల్టెంటు గారి కంప్యూటర్లో సూర్యుడు పడమట ఉదయించినట్టున్నాడు. కుంచాలపేటలో మాత్రం ఎనిమిదిన్నరకి నీడలు రోడ్డు వైపే పడుతున్నాయి. “ఛాయల దిశ చిత్రపటమునకు విరుద్ధంగా ఉన్నది,” అని ఆయన రాశాడు. వారం తర్వాత బుల్లిరాజు మనుషులు డబ్బాలతో వచ్చి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసి, కాలువ వైపుగా నేల మీద నల్ల రంగుతో పదిహేడు నీడలు వేసి వెళ్లారు. సామ్రాజ్యం పరుగెడుతుంది కాబట్టి ఆమెకు మూడు చోట్ల వేశారు.

మూడోసారి వచ్చినప్పుడు తనిఖీ అధికారి శేషావతారం గారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. బెంచీ దగ్గర ఇద్దరూ చిత్రపటం మీదికి వంగి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. అందులో ఒకే ఒక్క చోట నీడ రోడ్డు వైపు పడింది. పెద్ద గుండ్రటి నీడ, దాన్ని ఆనుకుని పలకలా ఇంకో నీడ. ఆ నీడలకి కారణమైన వస్తువులేవీ చిత్రంలో లేవు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని వింటున్న నాంచారమ్మ లేచి వచ్చి తొంగిచూసింది. ఆ గుండ్రటి నీడ అంచు ఏ రాయి దగ్గర ఏ వేళకి ఉంటుందో ఆమెకి ఇరవై రెండేళ్లుగా తెలుసు. పలక నీడకి కింద నాలుగు చక్రాలున్నాయి.

“ఇది మా కానుగ చెట్టు నీడండి,” అంది. “ఇది నా బండిది. మీవాళ్లు ఫొటోలోంచి బండిని తుడిచేసి నీడని మర్చిపోయారు.”

తనిఖీ అధికారి ఆమెకేసి చూశాడు. శేషావతారం గారు చిత్రపటానికేసి చూశాడు. తర్వాత జేబులోంచి కలం తీసి, అక్కడే నిలబడి మూడు వాక్యాలు రాశాడు. చూపినవన్నియు కలుపుకొనవలెనని తీర్మానం; నీడలు చూపబడినవి; కారణం లేక నీడ ఉండుట శాస్త్రసమ్మతం కాదు గావున, ఛాయాకారక వృక్షము ఒకటి, ఛాయాకారక చక్రశకటము ఒకటి క్షేత్రములో నిరంతరం ఉంచవలెను. అలా చెట్టు బతికింది. నాంచారమ్మ బండి బెంచీ పక్కకి తిరిగొచ్చింది.

కానీ నిప్పు పెట్టబోతే మళ్లీ ఆయనే అడ్డం వచ్చాడు. బండి నీడ కోసం మాత్రమే మంజూరైంది. చిత్రంలో పొగ లేదు, బొగ్గులు లేవు, బట్టల మూటలూ లేవు. చల్లారిన పెట్టె బండి మీద పెట్టుకుని, దాని పక్కనే బెంచీ మీద కూర్చుని, చదవలేని పుస్తకం చదవడం నాంచారమ్మకి మొదటికన్నా కష్టంగా తోచింది. శేషావతారం గారు రోజూ తనిఖీకి వచ్చేవాడు. ఎవరు ఇస్త్రీ చేస్తున్నారోగాని చొక్కా వీపు మీద మడతలు మడతలుగా ఉండేది. ఆమె చూడలేక మొహం తిప్పుకునేది.

ఒకరోజు ఆయన ఆమె పక్కన నిలబడి, కాలువకేసి చూస్తూ, నిబంధనల పుస్తకం అప్పజెబుతున్నట్టు మాట్లాడాడు. పని ముగింపు దశలో క్షేత్రాన్ని ఫొటో తీస్తారట. ఆ ఫొటో ఆమోదం పొందగానే కన్సల్టెంటు గారి చిత్రం రద్దయి, ఫొటోయే అనుబంధం-1 అవుతుందట. తీర్మానంలోని వాక్యం మాత్రం మారదట.

“పన్నెండో తారీకు ఉదయం ఎనిమిదిన్నరకు,” అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, “ఎనిమిదిన్నరకు,” అని మళ్లీ చెప్పి వెళ్లిపోయాడు.

నాంచారమ్మ ఆ సాయంత్రం కూలీల బస్సెక్కి కాలనీకి వెళ్లింది. సామ్రాజ్యం ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పింది. సగంమంది నమ్మలేదు. ఫొటోలో పడితే గట్టు మీద ఉండనిస్తారంటే నవ్వారు. మస్తాన్ తన ఫొటోలు ఓటరు కార్డు నుంచి రేషను కార్డు దాకా ఇన్ని చోట్ల ఉన్నాయని, ఏ ఒక్కటీ తనని ఎక్కడా ఉండనివ్వలేదని అన్నాడు. నాంచారమ్మకి వాదించడం చేతకాదు.

“వాళ్లు మనల్ని తీసేసింది బొమ్మ చూసే గదా,” అంది. “బొమ్మ మాటే వినేవాళ్లకి బొమ్మతోనే చెప్పాలి. నేనైతే ఆ రోజు పొయ్యి రాజేస్తన్నా.”

అందరికన్నా ముందు లేచింది సామ్రాజ్యం. ఇక తాను పరిగెత్తలేనని, ఇడ్లీ రేకులు ఎక్కడ పెట్టానో చూడాలని లోపలికి వెళ్లింది.

పన్నెండో తారీకు పొద్దున్నే మొదటి బస్సులో దిగాల్సినవాళ్లు దిగారు. బండ్లు ముందురోజు సాయంత్రమే వచ్చి సందుల్లో దాక్కున్నాయి. ఎనిమిది దాటేసరికి గట్టు మీద ఇడ్లీల ఆవిరి లేచింది. గులాబీ మొక్క పక్కన మస్తాన్ ఒక సైకిలుని తలకిందులుగా నిలబెట్టాడు. గేదె తనంతట తానే కాలువలోకి దిగింది. నాంచారమ్మ పెట్టెలో బొగ్గులు ఎర్రబడ్డాయి. ఎన్ని నెలల తర్వాతో ఆ వేడి మొహానికి తగిలేసరికి ఆమెకి కళ్లు చెమర్చాయి. పొగ వల్లే అనుకుంది.

బుల్లిరాజు వచ్చి చూసి లబలబలాడాడు. ఫొటోగ్రాఫరు అప్పటికే స్టాండు నిలబెట్టాడు. గడియారంలో ఎనిమిదిన్నరకి ఫొటో తీసి పంపమని అతనికి ఆదేశం. ముందూ కాదు వెనకా కాదు. అందరినీ తరిమేయమని బుల్లిరాజు శేషావతారం గారిని ప్రాధేయపడ్డాడు.

“తప్పక తొలగిద్దాం,” అన్నాడు శేషావతారం గారు. “అయితే ఫొటో తీయువరకు పాత చిత్రపటమే అమలులో ఉన్నది. ఇందులో పదిహేడుగురు అధీకృతులు. అధీకృతుల్ని పొరపాటున తొలగిస్తే బాధ్యత ఎవరిది? ముందుగా గుర్తింపు ప్రక్రియ జరగాలి.”

ఆయన అడుగుబద్ద తీశాడు. చిత్రపటం విప్పి, మొదటి ఆకృతి ఎత్తు కొలిచి, మస్తాన్ దగ్గరికి వెళ్లి నిలబడమన్నాడు. పేరు అడిగాడు. తండ్రి పేరు అడిగాడు. పేరులో వత్తు ఉందో లేదో అడిగి, రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. రెండో ఆకృతి సామ్రాజ్యం. ఆమె గరిటె చేత్తో పట్టుకునే ముప్పై ఏళ్ల నాటి కాపురం ఆయనకి మొదటి నుంచీ చెప్పింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. మూడో ఆకృతి దగ్గరికి నడుస్తుండగా గడియారం ఎనిమిదిన్నర కొట్టింది, ఫొటోగ్రాఫరు మీట నొక్కాడు.

ఆ ఫొటో అనుబంధం-1 అయింది. దాన్ని చూసి జాబితా తయారుచేయడానికి శేషావతారం గారికి నాలుగు రోజులు పట్టింది. ఇడ్లీ వడ్డించుచు ఎవరినో మందలించుచున్న స్త్రీ ఒకరు. విలోమస్థితిలో ద్విచక్రవాహనము ఒకటి, దానితో మరమ్మతుదారు. జలక్రీడలో నిమగ్నమైన మహిషము ఒకటి. ధూమసహిత ఇస్త్రీ శకటము, నిర్వాహకురాలి సమేతంగా. మొత్తం నలభై మూడు అంశాలు. ఇన్ని అంశాలను పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో నిల్వ ఉంచడం స్టోర్సు మాన్యువల్‌కి విరుద్ధం కాబట్టి, వాటిని గట్టుకి కూతవేటు దూరంలోనే భద్రపరచాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. కార్పొరేషన్ పాత క్వార్టర్లు తాళాలు తీసి వాళ్లకిచ్చారు. నాంచారమ్మ ఇంటి ఓనరుకి విడిగా ఒక లేఖ అందింది. సదరు అంశమును కదల్చినచో ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్లు భావించబడునని అందులో ఉంది. ఆయన దాన్ని మూడుసార్లు చదువుకుని, అద్దె పాతదే ఇమ్మని చెప్పి, మంచినీళ్లు కావాలా అని కూడా అడిగి వెళ్లాడు.

పార్కు బాగుందని ఊళ్లో పేరొచ్చింది. టిఫిను, నీడ, మాట్లాడుకోవడానికి మనుషులు ఉన్నారని తెలిసి జలవిహంగ్ హైట్స్ వాళ్లు కూడా మెల్లగా వంతెన దాటి వచ్చారు. గేటు దగ్గర కాపలావాడు ఫొటో చేత్తో పట్టుకుని ఒక్కొక్కరి మొహం సరిచూసి, వెనక్కి పంపేశాడు. చూపనివన్నియు మినహాయించవలెనని తీర్మానంలో ఇంకా అలాగే ఉంది.

నాంచారమ్మ మనసులో మాత్రం ఒకటి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు కాలనీ నుంచి రావాల్సిన రెండో బస్సు దారిలో టైరు పంక్చరై నిలిచిపోయింది. తిరపతమ్మ అందులో ఉంది. ఒళ్లో జామకాయల గంప పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ, ఎనిమిదిన్నర దాటడం అక్కడే చూసింది. ఆమెతోపాటు ఇంకొందరు. ఫొటోలో లేరు కాబట్టి వాళ్లకి గట్టూ లేదు, క్వార్టరూ లేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ముగ్గురే కూర్చుంటున్నారు. పచ్చడి అందించడానికి మధ్య మనిషి లేక సామ్రాజ్యమూ తానూ పోట్లాడుకోవడం కూడా మానేశారు.

ఒకరోజు శేషావతారం గారు తన చొక్కాల మూట తెచ్చి బండి మీద పెట్టాడు. ఆ వేళ ఆయన చేతిలో ఫొటో ఉంది. నలభై మూడు అంశాలూ లెక్క కుదిరాయిగాని, ఫొటో ఎడమ అంచున ఒక మోచెయ్యి మిగిలిపోయిందని, ఎవరిదో తేలనిదే జాబితా సంపూర్ణం కాదని చెప్పాడు. నాంచారమ్మ వంగి చూసింది. మోచెయ్యే. మనిషి అంచుకి అవతల ఉండిపోయాడు. ఆడదో మగవాడో కూడా తెలియదు. ఫొటోగ్రాఫరుదే అయినా కావచ్చు.

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

“తిరపతమ్మదండి,” అంది. “జామకాయల తిరపతమ్మది. గంప ఎత్తుకున్నప్పుడు మోచెయ్యి అట్టాగే పెడద్ది.”

శేషావతారం గారు ఆమె మొహం చూడలేదు. ఫొటో మీద అడుగుబద్ద పెట్టాడు, కలం తీశాడు, రాశాడు. మర్నాడు మధ్యాహ్నం నలుగురూ కలిసి అన్నం తిన్నారు.

ఆ తర్వాత వారం, ఫొటో రోజున రెండో బస్సులో చిక్కుకున్న చెప్పులు కుట్టే ఆనందరావుని వెంటబెట్టుకుని నాంచారమ్మే ఆఫీసుకి వెళ్లింది. ఆ మోచెయ్యి అతనిది కూడా అని సాక్ష్యం చెప్పింది. ఒక మోచెయ్యి ఇద్దరిది ఎలా అవుతుందని శేషావతారం గారు అడగలేదు. ఒక మోచెయ్యికి ఒకే స్వామి ఉండవలెనని నిబంధనల్లో ఎక్కడైనా ఉందేమోనని గంటసేపు వెతికాడు. లేదు. రాసుకున్నాడు. ఏడాది తిరిగేలోగా ఆ మోచెయ్యి మీద పది కుటుంబాలు గట్టు మీదికి చేరాయి. సాక్షి సంతకం చేసే చోట ప్రతిసారీ నాంచారమ్మ వేలిముద్రే ఉంది.

పదకొండోసారి విద్యాసాగర్ గారు వచ్చాడు. ఆయనకి డాక్టరు రోజూ గంట నడవమన్నాడట. భార్యకి సామ్రాజ్యం ఇడ్లీలు అలవాటయ్యాయట. రోజూ గేటు బయట నిలబడి పొట్లం అందుకోవడం ప్రెసిడెంటు హోదాకి బాగా లేదట. ఇవన్నీ ఆయన బండికి కాస్త దూరంలో నిలబడి, చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని చెప్పాడు. కాపలావాడిని ఎలా దాటి వచ్చాడో ఆమె అడగలేదు.

“మీరొక మాట చెబితే ఆఫీసులో నమ్ముతారటమ్మా,” అన్నాడాయన.

నాంచారమ్మ చేతిలోని చొక్కా మడత పూర్తిచేసి, మూటలో పెట్టి, అప్పుడు తలెత్తి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏదీ, ఆ చెయ్యి ఒకసారి మడవండి. చూద్దాం.”